దూది ఎక్కడ పెట్టాలి?

మా తాత దూదేకులాయన. విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టాడు. మా నాయన దర్జీ. విల్లు పోయి మిషనొచ్చింది గానీ, దూది మాత్రం మా ఇంటిని వదల్లేదు.

నాయన కొన్నాళ్ళు పట్నంలో పెద్ద కొట్లో పనిచేసి, తిరిగొస్తూ ఒక పాత బొమ్మ తెచ్చుకున్నాడు. తలా చేతులూ లేని బొమ్మ. రోజువారీ జాకెట్లకు దాంతో పనిలేదు. టేపుకి లొంగని ఒళ్ళు వచ్చినప్పుడే దాన్ని బయటికి తీసేవాడు.

బొమ్మ ఎప్పుడూ మనిషి కన్నా ఒక సైజు చిన్నదిగా ఉండాలనేవాడు. చిన్నదానికి దూది చుట్టి పెంచొచ్చు. పెద్దదాన్ని చెక్కి తగ్గించలేం. పొర మీద పొర వేసేవాడు. అంచుల్ని కత్తిరించకుండా వేళ్ళతో పీకి పలచన చేసేవాడు. లేకపోతే మెట్లు పడి పైగుడ్డ మీద కనపడతాయి. మీద బనీను గుడ్డ బిగువుగా తొడిగి, మళ్ళీ టేపు పట్టేవాడు. ఛాతీ 36 అంటే చాలదు. ఒకామెకి ఆ 36లో వీపు ఎక్కువ, ఇంకొకామెకి ముందు ఎక్కువ. అంకె ఒకటే, ఒళ్ళు వేరు.

మా అక్కకి ఎడమ భుజం కిందికి ఉంటుంది. ఏ రెడీమేడ్ తొడిగినా ఆ పక్క జారేది. "గుడ్డ బాగానే ఉందిలే, నా ఒళ్ళే బాగలేదు" అనేది. పెళ్ళిచూపులప్పుడు అమ్మ బతిమాలితే నాయన జాకెట్టు ఎడమ భుజంలో దూది పెట్టి కుట్టాడు. చూడొచ్చినవాళ్ళకి రెండు భుజాలూ సమంగానే కనిపించాయి. వాళ్ళు వెళ్ళగానే అక్క బ్లేడు తీసుకుని ఆ కుట్లు విప్పేసింది. "వాళ్ళు చూసింది నన్ను కాదు నాయనా" అంది. ఆ రాత్రి నాయన బొమ్మని ముందేసుకుని కూర్చున్నాడు. ఎడమ భుజాన్ని చెక్కలేడు గనక కుడి భుజం మీద దూది పెంచాడు. బొమ్మ మా అక్క అయింది.

దూది అదే, దర్జీ ఆయనే. బట్టలో పెడితే మనిషిని దాచింది. బొమ్మకి పెడితే బొమ్మకే బుద్ధి చెప్పింది. నీతి ఏదన్నా ఉంటే ఈ తేడాలోనే ఉందనుకుంటాను.

బొమ్మ ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఎవర్నో కొలిస్తేనే తయారవుతుంది. 1939, 1940లలో అమెరికా ప్రభుత్వం రెడీమేడ్ సైజుల కోసం దాదాపు 15,000 మంది స్త్రీల కొలతలు తీయించింది. 1941లో అచ్చయిన లెక్కలోకి తెల్లజాతి స్త్రీల కొలతలు మాత్రమే ఎక్కాయి. 1958లో అక్కడి ప్రభుత్వం ప్రకటించిన సైజులకి అవే ప్రధాన ఆధారం. 1983లో ఆ ప్రమాణాన్ని ఉపసంహరించుకున్నారు. లెక్కలోకి రాని నల్లజాతి స్త్రీ అద్దం ముందు నిలబడి, మా అక్కలాగే తన ఒళ్ళనే తప్పుపట్టుకుని ఉండదా? మన దేశంలోనూ సొంత సైజుల కోసం 25,000 మందిని కొలవాలని నిఫ్ట్ సంస్థ సర్వే తలపెట్టింది. అది ఎంచుకున్న నగరాల్లో హైదరాబాదు ఒకటి. మంచిదే. టేపు ఏ గడప దాకా వస్తుందన్నదే నా ప్రశ్న.

బట్టల సంగతి ఇంతసేపు ఎందుకు చెబుతున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. "మీరు సాయిబుల్లా కనపడరండీ, తెలుగు ఎంత బాగా మాట్లాడతారో!" అని మెచ్చుకునే మిత్రులున్నారు. తెలుగు మా అమ్మ భాష. బాగా మాట్లాడక ఏం చేస్తాం? ఆ మెప్పు నా భుజంలో వాళ్ళు కుట్టిన దూది. ఇటు తిరిగితే మనవాళ్ళే, "ఉర్దూ రాదా? నువ్వేం ముసల్మానువి?" అంటారు. దూదేకులోళ్ళకి వాళ్ళ వరసలో చివరి చాప. ఇద్దరి దగ్గరా ఒక్కో బొమ్మ ఉంది. ఇద్దరూ నన్నే చెక్కుతామంటారు. బొమ్మని కాస్త సవరిద్దామన్న ఆలోచన ఎవరికీ రాదు.

అందరికీ కలిపి ఒక కొలత ఉండొద్దా అంటారు కొందరు. ఉండొచ్చు. కానీ అది మా నాయన బొమ్మలా మనిషి కన్నా చిన్నదిగా ఉండాలి, మనిషి కోసం పెరగాలి. మనిషిని మించిన బొమ్మని నిలబెట్టి, నువ్వే సరిపోలేదంటే అది కొలత కాదు, శిక్ష.

ఈ మాట నాకూ వర్తిస్తుంది. అక్క కోసం కట్టిన దూది తియ్యకుండా, దానిమీదే పక్కింటి పిల్లకి జాకెట్టు కుడితే అదీ అన్యాయమే. ముస్లిం స్త్రీ అంటే ఇట్లా ఉంటుందని మనం రాసేటప్పుడు ఎవరి దూది మీద ఎవరికి కుడుతున్నామో చూసుకోవాలి.

ఎంత బాగా దూది కట్టినా బొమ్మ, ఇక్కడ బిగుతుగా ఉందని చెప్పదు. అందుకే నాయన ఆఖరి కుట్టు వేసే ముందు అక్కని పిలిచి తొడిగించేవాడు.

"చెయ్యెత్తమ్మా. ఎక్కడన్నా పట్టేస్తోందా?"

మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది.