ఆశ్రితరక్షణము - వ్యయచింత

వీథిలో దిక్కులేక తిరుగు కుక్కపిల్లను దయతో ఇంటికి దెచ్చుకొనిన గృహస్థుడు కొలది దినములకే ధర్మసంకటమున బడుట కలదు. పిల్లకు పార్వో అను అంటువ్యాధి సోకును. వాంతులు, రక్తవిరేచనములు మొదలగును. సిరలోనికి ద్రవము లెక్కించుచు దినములకొలది కాపాడవలెను. వైద్యుడు చెప్పిన వ్యయము నెలజీతములో పెద్ద పాలు. “కుక్క కింత ఖర్చేల?” అని ఇంటివా రందురు.

ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. బిడ్డల చదువును, తల్లి మందులను మాని కుక్కను బ్రతికింపు మనుట న్యాయము కాదు. అయినను వీథికుక్క మన దయకు పాత్రము. ఇంటికి దెచ్చినది మన కాశ్రితము. ఈ భేదము చిన్నది కాదు. మహాప్రస్థానికపర్వమున ఇంద్రుడు రథముతో వచ్చి పిలిచినను ధర్మరాజు విడువ నొల్లనిది తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము సైతము, ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును అకారణముగా విడుచుటను నేరముగా నెంచినది. రోగముతో విడిచిన పిల్లవలన వీథిలోని తక్కిన పిల్లలకును ఆ రోగమే సోకును.

శక్తిలేమి వేరు, మనసులేమి వేరు. శక్తి లేనివానికి ప్రభుత్వ పశువైద్యశాల కలదు. తన స్థితిని దాచక చెప్పి, ఉన్నంతలో చేయదగిన దేమో వైద్యు నడుగవచ్చును. అందు సిగ్గుపడ నేల? టీకాల ఖర్చు ఈ చికిత్సలో స్వల్పభాగమే. ఆ లెక్క పిల్లను దెచ్చుకొను నాడే వేసికొనవలసినది. దయకు లెక్క లేల యని కొంద రందురు, నా కట్లు తోపదు.

అన్నియు చేసినను పిల్ల బ్రతుకకపోవచ్చును. అప్పు డది వీథిలో గాక, మన వసారాలో, పరచిన గోనెపట్టాపై, మనుష్యుని చేయి తగులుచుండగా కన్నుమూయును.