గదిలో లేని మనిషి

ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టలేదు. పాండవుల దగ్గరికి రాయబారం వెళ్లొచ్చిన సంజయుడు, వాళ్ల మాటేమిటో రేపు సభలో చెబుతానన్నాడు. పోతూ పోతూ నాలుగు చీవాట్లు పెట్టి మరీ వెళ్లాడు. ఒళ్లంతా మండిపోతుంటే ముసలిరాజు అర్ధరాత్రి విదురుణ్ణి పిలిపించుకున్నాడు. ఏదైనా మంచిమాట చెప్పు, మనసు కుదుటపడాలి అన్నాడు. విదురుడు బుజ్జగించలేదు. బలవంతుడితో తలపడ్డ బలహీనుడికి, సొత్తు పోగొట్టుకున్నవాడికి, కాముకుడికి, దొంగకి నిద్ర పట్టదు. వీటిలో ఏదీ నీకు లేదు కదా, పరుల సొమ్ము మీద ఆశపడి తపించడం లేదు కదా అని అడిగాడు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. విజయవాడలో ప్రాక్టీసు. మహాభారతంలో ఈ ఘట్టమున్న ఉద్యోగపర్వం నేను పుణ్యం కోసం చదవను, పని కోసం చదువుతాను. నిద్ర రావడం లేదని వచ్చేవాళ్లు నాకు రోజూ తగులుతుంటారు. వాళ్లని అలాంటి మొదటి ప్రశ్న అడగడానికి గుండె కావాలి, అందులోనూ అడగాల్సింది తిండిపెట్టే రాజుని. కానీ ఆ ఘట్టంలో నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది విదురుడి గుండెధైర్యం కాదు. ఆ రాత్రి గదిలో ఉన్నది ఇద్దరే. తేలాల్సిన బతుకులు మాత్రం అక్కడ లేని అయిదుగురివి. సలహా అడిగింది ఒకరు, దాని ఫలితం పడేది ఇంకొకరి నెత్తిన. మా వృత్తిలో కన్సల్టేషన్ అనే పనికి పుట్టుక నుంచీ ఉన్న చిక్కు ఇదే. నేను ఎవరికి జవాబుదారీ? అడిగినవాళ్లకా, ఫీజిచ్చినవాళ్లకా, నేను ముఖం కూడా చూడని ఆ మూడో మనిషికా?

చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను. జిల్లాల్లో ప్రాక్టీసు చేసే కుర్ర సైకాలజిస్టులు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, ఒక కేసులో ఆగిపోయాను, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" అడగడం మంచి అలవాటు. ఒంటరిగా తలబద్దలు కొట్టుకుని తప్పుడు వైద్యం చేయడం కన్నా వెయ్యి రెట్లు నయం. అయితే మనవాళ్ల కథనం ఇంటిపేరుతో మొదలవుతుంది. తర్వాత ఊరు. తర్వాత తండ్రి ఏం చేస్తాడో. మూడో వాక్యానికల్లా నాకు ఆ కుటుంబం తెలిసిపోతుంది. ఈ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంటిపేరూ ఊరూ చెబితే చుట్టరికాలే తేలతాయి, పోల్చుకోవడం ఒక లెక్కా! అందుకే "పేరొద్దమ్మా, ఊరొద్దు, వయసు కూడా ఇరవైల్లో అంటే చాలు" అని మధ్యలోనే ఆపేస్తాను. మొదట్లో నొచ్చుకుంటారు. "మీ దగ్గర దాపరికమేంటి మేడమ్" అంటారు. దాపరికం నా దగ్గర కాదు. ఆ అమ్మాయి తన బాధ వాళ్లకి చెప్పుకుంది, నాకు చెప్పలేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతి నియమావళిలో 4.06 అనే నిబంధన ఉన్నది ఈ సందర్భానికే: తోటి నిపుణుల్ని సంప్రదించేటప్పుడు మనిషిని గుర్తుపట్టే వివరాలు, వారి అనుమతి లేకుండా, తప్పనిసరైతే తప్ప బయటపెట్టకూడదు, చెప్పేది కూడా అవసరమైనంత వరకే. ఇక వాట్సాప్ గ్రూపుల్లో ప్రిస్క్రిప్షన్ ఫోటో పెట్టి "సీనియర్స్, ప్లీజ్ గైడ్" అనేవాళ్ల గురించి మాట్లాడకపోవడమే మేలు.

ఆ ఫోన్లలో నేను పాటించేది ఇంకొకటుంది. మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పను. "నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంటే, ఫలానాది కూడా ఆలోచించు" అంటాను. నేను విన్నది రోగి కథ కాదు, రోగి గురించి ఇంకొకరు అల్లుకున్న కథ. ఆ అల్లికలో జారిన కుట్టు ఎక్కడుందో వెతకడమే నా వంతు; నిర్ణయం, దాని బరువు రోగి ఎదురుగా కూర్చున్నవాళ్లవి.

అసలు పరీక్ష డబ్బు దగ్గర వస్తుంది. కొన్ని రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలకు నేను కన్సల్టెంటుని. 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వంద మందో, అంతకు మించో చదివే విద్యాసంస్థ, కోచింగ్ సెంటర్ సహా, అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని అందులో ఉంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయొద్దని కూడా ఉంది. అది మా కాలేజీల చెవికెక్కలేదు కానీ, సైకాలజిస్టులకు మాత్రం పిలుపులు పెరిగాయి.

ఒక కాలేజీలో (పేరు అనవసరం) మొదటి సమావేశంలోనే ఏజీఎం గారు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. ఎక్సెల్ షీటు. అడ్మిషన్ నంబరు, సెక్షను, హాస్టల్ గది, వీకెండ్ టెస్టుల సగటు, చివర ఖాళీగా ఒక కాలమ్: సైకాలజిస్ట్ రిమార్క్స్. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ముందే సిద్ధం చేసి పెట్టారు. "మేడమ్ గారూ, మీరు పిల్లలతో మాట్లాడి రంగు వేసేయండి చాలు. రెడ్ ఉన్నవాళ్లని మేం చూసుకుంటాం."

"చూసుకోవడమంటే?"

"పేరెంట్స్‌ని పిలిపించి, పెట్టె బేడా సర్ది ఇంటికి పంపేస్తాం. ఏదన్నా జరిగితే మన క్యాంపస్‌లో జరగకూడదు కదండీ."

ఆయన దుర్మార్గుడేమీ కాదు. భయపడుతున్న మనిషి, అంతే. కానీ ఆయన నన్ను అడిగింది పిల్లల గురించి సలహా కాదు, పిల్లల నుంచి కాలేజీని కాపాడే ఉపాయం. ఎరుపు రంగు పడితే ఇంటికి పంపేస్తారని హాస్టల్‌కి తెలియడానికి ఒక్క స్టడీ అవర్ చాలు. ఆ తర్వాత నా గదిలోకి వచ్చే ప్రతి కుర్రాడూ "బాగానే ఉన్నా మేడమ్" అంటాడు. అందరికన్నా ముందు అనేది, చెప్పుకోవాల్సిన అవసరం ఎక్కువున్నవాడే. కాబట్టి రంగులు వేయనని చెప్పాను. బదులుగా చేయగలిగింది చెప్పాను: ఏ ఫ్లోర్‌లో నిద్ర సరిపోవడం లేదో, ఏ పరీక్ష మర్నాడు నా గది ముందు వరుస పెరుగుతోందో, వార్డెన్ ఏ మాట అంటే పిల్లలు ముడుచుకుపోతున్నారో, పేర్లు లేకుండా ఇస్తాను. ప్రాణానికి ముప్పుందని తోచిన పిల్లవాడి విషయం, ముందు వాడికి చెప్పి, ఆ తర్వాత ఆ రోజే, వాణ్ణి కాపాడగలిగినవాళ్లకి చెబుతాను. గది తలుపు మీద ఈ నిబంధనలు తెలుగులో ఒక పేజీ రాసి అంటించాను. లోపలికొచ్చే పిల్లలు కుర్చీలో కూర్చోకముందే అది చదువుతారు. "మా వార్డెన్‌కి చెప్పరుగా?" అని అప్పటికీ ఒకసారి అడిగి చూస్తారు.

చెప్పాల్సిన సందర్భం ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్నదానికి నాకు ఆదిపర్వంలోనే మంచి జవాబు కనపడుతుంది. లక్కయింటి కుట్ర తెలిసినప్పుడు విదురుడు సభలో కేకలు పెట్టలేదు, అలాగని నోరు మూసుకోనూ లేదు. వారణావతానికి బయల్దేరుతున్న ధర్మరాజుకి, పక్కనున్నవాళ్లకి అర్థంకాని మ్లేచ్ఛభాషలో, నిప్పు గురించీ కలుగులో దాగే జంతువు గురించీ నాలుగు మాటలు చెప్పాడు. తర్వాత సొరంగం తవ్వేవాణ్ణి పంపాడు. ముప్పు ఎవరికో వాళ్లకే, ముప్పు తప్పేంత మేరకే. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ సారం కూడా ఇదే: గోప్యత రోగి హక్కు, ఇంకొకరికి హాని జరగకుండా ఆపాలంటే చెప్పొచ్చు, కానీ ఆ హానిని ఆపడానికి కావలసిన సమాచారమే. కాలిఫోర్నియాలో 1969లో ఈ పని సగమే జరిగింది. ఒక అమ్మాయిని చంపుతానన్న విద్యార్థి గురించి యూనివర్సిటీ సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకి చెప్పాడు. వాళ్లు పట్టుకుని, మామూలుగానే ఉన్నాడని వదిలేశారు. ఆ అమ్మాయికి గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఎవరూ చెప్పలేదు. ఆమె హత్యకు గురైంది. టారసాఫ్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో 1976 తీర్పు, ప్రమాదంలో ఉన్న మూడో మనిషి పట్ల కూడా చికిత్సకుడికి బాధ్యత ఉందని తేల్చింది.

ఇక తిన్న ఉప్పు సంగతి. కురుక్షేత్రంలో యుద్ధం మొదలవబోతుండగా ధర్మరాజు నడిచొచ్చి పెద్దలకి మొక్కితే, భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, శల్యుడు నలుగురూ ఒకే సంజాయిషీ చెబుతారు: మనిషి డబ్బుకి దాసుడు, కౌరవులు నన్ను కట్టేశారు, యుద్ధం తప్ప ఇంకేదైనా కోరుకో. ధర్మం ఎటుందో నలుగురికీ తెలుసు. తెలియడం వల్ల ఒక్క బాణమూ తగ్గలేదు. ఫీజు తీసుకునే ప్రతి కన్సల్టెంటూ ఆ ఘట్టం ఏడాదికోసారి చదువుకోవాలని నా చాదస్తం.

శల్యుడిది ఇంకా ఘోరం. శల్యసారథ్యం అని వాడుకలో అనేసి వదిలేస్తాం గానీ, మనసు లోతు తెలిసినవాడు ఆ తెలివితోనే మనసుని విరగ్గొట్టడం అది. పగ్గాలు పట్టి, పక్కనే కూర్చుని, కర్ణుడి ధైర్యాన్ని మాటమాటకీ కోసేశాడు. పైగా ఆ పని చేయమని ముందే అడిగింది సాక్షాత్తూ ధర్మరాజు. ఇది చేయరాని పనే, అయినా చేయి మామా అని మరీ అడిగాడు. మంచి పక్షం అడిగితే చేయరాని పని చేయదగ్గదైపోతుందా? మా వృత్తి ఈ ప్రశ్నలో దారుణంగా తప్పింది. గ్వాంటనామో జైల్లో ఖైదీల విచారణకు సలహాలివ్వడానికి సైకాలజిస్టులతో, సైకియాట్రిస్టులతో అమెరికా సైన్యం పెట్టిన బృందాల పేరు బిహేవియరల్ సైన్స్ కన్సల్టేషన్ టీమ్. పొడి అక్షరాల్ని కలిపి ముద్దుగా బిస్కట్ అని పిలుచుకునేవారు. ఎవరు దేనికి భయపడతారో కనిపెట్టి చెప్పడం ఆ బిస్కట్ పని. 2015లో దీనిపై స్వతంత్ర దర్యాప్తు జరిపిన హాఫ్‌మన్ నివేదిక వచ్చాక తెలిసిందేమిటంటే, నీతి నియమాలు బిగుసుకోకుండా సాక్షాత్తూ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అనే ఆ వృత్తిసంఘం పెద్దలే రక్షణశాఖ అధికారులతో చేయి కలిపారని. ఆ ఆగస్టులో సంఘం కౌన్సిల్, జాతీయ భద్రత విచారణల్లో సైకాలజిస్టులు పాల్గొనకూడదని 157 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకించింది ఒక్కరే. పదేళ్లకు పైగా పట్టింది.

మళ్లీ విదురుడి దగ్గరికి వస్తాను. ఆ రాత్రి చెప్పాల్సిందంతా చెప్పాక, ఇంకేమైనా మిగిలితే చెప్పమని రాజు అడిగితే, ఆ మిగిలింది నేను చెప్పకూడదు, సనత్సుజాతుడనే ఋషి చెబుతాడు అని ఆయన్ని రప్పిస్తాడు. తన హద్దు దాటిన ప్రశ్నని తగినవాళ్లకి అప్పగించడం మాకు రోజువారీ నియమం. అయితే విదురుడు చెప్పిన కారణం తాను శూద్రస్త్రీకి పుట్టానని. ఆ కారణాన్ని నేను ఒప్పుకోలేను. ఆ రాత్రంతా ధర్మం చెప్పగలిగిన నోటికి పుట్టుక అడ్డమైతే, తప్పు నోటిది కాదు. కాలేజీల్లో పెద్దపెద్ద డిగ్రీలు చూసి పిలిచి, పిల్లలతో రోజూ మాట్లాడే హాస్టల్ ఆయా మాటని పట్టించుకోకపోవడం కూడా ఇదే జబ్బు.

నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న ఒకటి. విదురుడి మాటలన్నీ విన్నాక ధృతరాష్ట్రుడు ఒప్పుకుంటాడు: నువ్వన్నది నిజమే, నా బుద్ధి పాండవుల వైపే పోతుంది, దుర్యోధనుణ్ణి చూడగానే తిరగబడుతుంది అని. అంత ముక్కుసూటి ఒప్పుకోలు నేను ఏ కేసుఫైలులోనూ చూడలేదు. సలహా అందింది, అర్థమైంది, ఫలితం సున్నా. అంతకుముందు జూదానికి పాండవుల్ని పిలవొద్దని విదురుడు మొత్తుకున్నాడు. చివరికి పిలుపు మోసుకెళ్లిందీ ఆయనే. వద్దని చెప్పినవాడు ఆ పిలుపు మోయొచ్చా? చెప్పాను, ఆపై మీ ఇష్టం అనేది కన్సల్టెంటుకి చాలినంత సమాధానమా? నేననుకోవడం, మాట వినకపోయినా ఉండిపోవచ్చు, ఉండటం వల్ల ఆ మూడో మనిషికి ఏదైనా దక్కుతున్నంత కాలం. విదురుడు కౌరవుల ఇంట్లో ఉన్నాడు కనుకే లక్కయింటి సంగతి ముందు తెలిసింది. కానీ మన పేరు వాళ్లు చేసే పనికి ముద్రగా మారిన రోజున ఆ లెక్క తలకిందులవుతుంది. ఆ రోజు ఏదో గుర్తుపట్టడం పుస్తకాల్లో రాసినంత సులువు కాదు.

ఆ కాలేజీతో ఒప్పందం ఈ జూన్‌లో తిరగరాసుకున్నాం. రంగుల షీటు పోయింది. దాని బదులు "నెలవారీ నివేదిక, అవసరమైతే వ్యక్తిగత వివరాలతో" అని ఒక వాక్యం చేరింది. అవసరం ఎవరిదో రాయమని నేను తిప్పి పంపాను. ఏజీఎం గారు హెడ్డాఫీసుని అడిగి చెబుతానన్నారు.