విజయపటము

వెర్సేల్సు రాజభవనమున 1837 లో ఫ్రెంచిరాజు లూయీ ఫిలిప్పు తెఱపించిన యుద్ధచిత్రశాల కలదు. అందలి 33 మహాపటములు టోల్బియాకు మొదలు 1809 నాటి వాగ్రాము వఱకు ఫ్రెంచివారి జయములను జూపును. తఱచుగా సేనాని గుఱ్ఱముపై నడుమ వెలుగుచుండును. పీనుఁగు లంచున నొదిగియుండును.

బొబ్బిలి యందు లేదు. 1757 జనవరి 24 న బుస్సీ ఫిరంగులతో గెలిచిన కోట యది. (ఆయనను పురికొల్పినవాఁడు విజయనగరప్రభువు విజయరామరాజు, ఆ జయమునఁ దెలుగుచేయియుఁ గలదని మఱవరాదు.) శత్రువులు చొచ్చునప్పటికే కోటవారు తమ యాలుబిడ్డలను దామే చంపుకొనిరి. ఒక వృద్ధుఁడు మాత్రము బొబ్బిలిదొర రంగారావు పసికొడుకును గాపాడి, ఫ్రెంచి సేనానియగు లా యను వానికి నప్పగించెనని ఆర్ము చరిత్రము తెలుపుచున్నది.

ఈ జయమును వ్రాయఁబూనిన చిత్రకారుఁడు నడుమ నెవరిని నిలుపవలయును? బుస్సీనా? మేము ఆ ముసలివానిని నిలుపుమందుము. అట్టిది విజయచిత్ర మగునా యని యడుగువారు కలరు. వెర్సేల్సు పటములను గూర్చియు మే మదియే యడుగుచున్నాము.