చెవి కూడా అమానతే

మదీనాలోని కపటులు (మునాఫిఖులు) మహాప్రవక్త (సఅసం)ను ఎన్నో విధాలుగా నొప్పించారు. ఎవరేం చెప్పినా ఓపికగా వింటారన్న కారణంతో ఆయన్ని ఒట్టి ‘చెవి’ అని కూడా ఎగతాళి చేశారు. తౌబా సూరా 61వ ఆయతులో అల్లాహ్ ఈ నిందను ప్రస్తావించి, ఆ చెవి వారి మేలు కోసమేనని జవాబిచ్చాడు. వారు లోపమనుకున్నదే ఆయన సుగుణమని తేల్చాడు.

ఆ అపోహ నేటికీ మన ఇళ్ళలో ఉంది. భార్య మాట చివరిదాకా వింటే లోకువైపోతామని భర్త భయం. కొడుకు వాదన వింటే చేయిజారిపోతాడని తండ్రి భయం. మరి, వినడమంటే ఒప్పుకోవడమేనా?

మక్కాలో ఖురైషు నాయకుడు ఉత్బా బిన్ రబీఆ మహాప్రవక్త (సఅసం) వద్దకు వచ్చాడు. ధర్మప్రచారం మానుకుంటే ధనం, నాయకత్వం, చివరకు రాజ్యాధికారం కూడా ఇస్తామన్నాడు. ఆయన ఒక్కచోట కూడా అడ్డు తగల్లేదు. అతను ఆగిన తర్వాత, గౌరవంగా ‘అబుల్ వలీద్’ అని పిలిచి, చెప్పదలచుకున్నది పూర్తయిందా అని అడిగారు. ఆ తర్వాతే హామీమ్ సజ్దా సూరా ఆయతులు వినిపించారు. ఈ సంఘటనను ఇబ్నె హిషామ్ తన సీరత్ గ్రంథంలో పొందుపరిచారు. ఆయన మాటంతా విన్నారు, ఒక్క షరతుకూ తల ఒగ్గలేదు. అప్పుడు ఉత్బా కూడా మౌనంగా విన్నాడు!

ఈ విషయంలో నా తప్పొకటి చెప్పుకోవాలి. ఒక జుమా నాడు నమాజు తర్వాత ఓ పెద్దాయన వచ్చి, “మౌలానా, మా ఇంట్లో ఆమెకు షుగరు ఎక్కువ, రోజాలేమో...” అంటుండగానే నేను ఫిద్యా మస్అలా అందుకున్నాను. ఆయన తలూపి వెళ్ళబోతూ మెట్ల దగ్గర ఆగారు. “మస్అలా తెలుసు మౌలానా. డాక్టరు వద్దన్నా ఆమె వినడం లేదు. వద్దంటే ఏడుస్తోంది. ఎలా నచ్చజెప్పాలో అడుగుదామని వచ్చాను” అన్నారు. నేను చెప్పిన మస్అలా సరైనదే. కాని ఆయన అడగవచ్చింది అది కాదు. ఆయన మాట ముగియకముందే నేను నా జవాబును వినడం మొదలుపెట్టాను.

మహాప్రవక్త (సఅసం) ఎవరివైపు తిరిగినా పూర్తిగా తిరిగేవారని ఉల్లేఖనాలున్నాయి. మనమో, సెల్‌ఫోను మీద చూపు పెట్టి “చెప్పు, వింటున్నా” అంటాం. ఎదుటివారు మాట ముగించాక ఒక్క క్షణం ఆగుదాం. “నువ్వు చెప్పేది ఇదేనా?” అని అడుగుదాం. వారికి సలహా కావాలో, బాధ పంచుకునే తోడు కావాలో తెలుసుకుందాం.

అయితే ప్రతి మాటా వినదగినది కాదు. చాడీలకు, పరోక్షనిందకు చెవి ఒగ్గేవాడు ఆ పాపంలో భాగస్తుడే. చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయతు హెచ్చరిస్తోంది. వినకూడనిది విన్నందుకే కాదు, వినవలసిన గోడును పెడచెవిన పెట్టినందుకూ ఆ రోజు జవాబు చెప్పుకోవలసి వస్తుందేమోనని భయపడాలి.

ఈ రాత్రి భోజనాల వేళ ఇంట్లో ఎవరో ఒకరి మాటను చివరిదాకా విని చూడండి. మన చెవులను మన వాళ్ళ మేలు కోసం వినియోగించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.