తల్లి శరీరము – భర్త కన్ను



ఈ నెల ధ్యానించు విషయము కొందరికి సిగ్గుగా తోచవచ్చును. కాని సామెతలు 5:18-19 చదువుడి. భార్య రొమ్ములను గూర్చి చెప్పుటకు దేవుని వాక్యము సిగ్గుపడలేదు. గనుక మేమును దాచక వ్రాయుచున్నాము.

కోదాడ ప్రాంతములోని మన సహోదరి యొకతె, ముగ్గురు బిడ్డల తల్లి, అమ్మగారి ద్వారా మమ్మును ఒక ప్రశ్న అడిగించెను. జారిన రొమ్మును ఆపరేషను చేసి పైకెత్తుదురని ఆమె ఫోనులో ప్రకటన చూచినది. అది చేయించుకొనుట పాపమా యని ఆమె సందేహము. ఏల అడిగినదో తరువాత తెలిసెను. భర్త ఆమె శరీరమును ఎగతాళి చేయుచున్నాడు.

మొదట సంగతి తెలిసికొందము. వయస్సువలనను, గర్భధారణలవలనను, ఒళ్లు పెరిగి తగ్గుటవలనను చర్మము సాగి రొమ్ము జారును. ఇది రోగము కాదు. పాలిచ్చుటవలన జారునని భయపడి కొందరు తల్లులు బిడ్డకు త్వరగా పాలు మాన్పించుచున్నారు. అది పొరపాటు. గర్భముతో కలుగు మార్పులే కారణము గాని పాలిచ్చుట కాదని పరిశీలించిన వైద్యులు చెప్పుచున్నారు.

ఈ ఆపరేషనులో మత్తుమందిచ్చి, మిగులు చర్మమును కోసి తీసి, చనుమొనను పైకి జరిపి కుట్టుదురు. మచ్చలు నిలుచును. స్పర్శ తగ్గవచ్చును. తరువాత పుట్టు బిడ్డకు పాలిచ్చుట కష్టము కావచ్చును. ఏండ్లు గడచిన కొలది రొమ్ము మరల జారును.

2018లో చెన్నైలోని స్టాన్లీ ప్రభుత్వ వైద్యశాలలో రొమ్ము ఆకృతిని సరిచేయు శస్త్రచికిత్సలు బీదలకు ఉచితముగా చేయుదుమని తమిళనాడు ప్రభుత్వము ప్రకటించెను. ప్రజాధనమును అందమునకు వెచ్చింపవచ్చునా యని కొందరును, అందము ధనికులకేనా యని కొందరును వాదించిరి. రొమ్ముల బరువువలన మెడయు భుజములును నొచ్చు స్త్రీలు కలరు. క్యాన్సరువలన రొమ్ము కోల్పోయినవారును కలరు. వారు వైద్యము కోరినయెడల గర్వమని నిందింపకుడి.

మన సహోదరి సంగతి వేరు. ఆమెకు నొప్పి శరీరములో లేదు, భర్త మాటలో కలదు. ఆ నొప్పిని ఏ కత్తి తీసివేయగలదు? అప్పు చేసి ఆపరేషను చేయించుకొనినను, ఎగతాళి చేయు కన్ను రేపు ఆమె నెరసిన వెండ్రుకలను వెదకును.

పురుషులారా, సామెతలలోని ఆ మాట భార్యకు చెప్పబడలేదు, భర్తకు చెప్పబడినది. యౌవనమున పెండ్లాడిన భార్యయందు ఎల్లప్పుడును తృప్తినొందుట అతని విధి. సాగరు కాలువ క్రింద నాట్లు వేయుచు, మధ్యాహ్నము గట్టున కూర్చుండి నీ బిడ్డకు పాలిచ్చినది ఆ శరీరమే కాదా? నీ నడుమును వంగినది, నీ తలయు నెరసినది. ఆమె నిన్ను ఎగతాళి చేసెనా?

లూకా 11:27-28లో ఒక స్త్రీ, యేసును కని పాలిచ్చిన తల్లి ధన్యురాలని కేక వేసెను. ప్రభువు దేవుని వాక్యము విని గైకొనువారే మరి ధన్యులని చెప్పెను. స్త్రీ విలువ ఆమె రొమ్ము ఆకారముమీద ఆధారపడలేదు.

సహోదరీ, ఆపరేషను పాపమని మేము తీర్పు తీర్చము. తొందరపడవద్దని మాత్రము చెప్పుచున్నాము. మొదట నీ భర్తను మాయొద్దకు పంపుము. మారవలసినది ఎవరో అతనితో మాటలాడుదుము.

ప్రభువు మన కన్నులను శుద్ధిచేయును గాక. ఆమేన్.