భాష రాని చోట కరుణ



మన గోదావరిఖని నుంచి గల్ఫ్ పోయినోళ్లకు ఎండకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తే, గల్లీ క్లినిక్ డాక్టరుకు తెలుగు రాదు. చొక్కా విప్పి చూపిస్తారు. ఆయన చెయ్యి వేసి చూస్తే సగం ధైర్యం వస్తుంది.

శ్రావస్తిలో తిస్స భిక్షువు ఒళ్లు పుండ్లు పడితే తోటి భిక్షువులు వదిలేశారు. అతని మాట అర్థంకాక కాదు, అసహ్యంతో. బుద్ధుడే నీళ్లు కాచి కడిగాడు.

మన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల పట్ల కరుణ ఒకటి. మీ పక్క గదిలో ఒడిశా కాంట్రాక్టు కూలీకి గజ్జి లేచిందనుకోండి. దూరం జరగడం జాగ్రత్తా, పాత అంటరానితనమా? గజ్జి అంటుకుంటుంది, నిజమే. మందు రాస్తే పోతుంది. మనిషిని వెలేస్తే పోదు. వచ్చిన హిందీతోనే దవాఖానకు తోడు పోండి, అతని బాధ డాక్టరుకు చెప్పండి.

నమో బుద్ధాయ!