పెట్టె తెరిచే ఋతువు

ఋతువు మారడం ప్రకృతి చేసే పని. దానికి తగినట్టు బట్టలు మార్చుకోవడం మనిషి చేసుకునే పని. మొదటిదానిలో మన ప్రమేయం ఏమీ లేదు, రెండవదానిలో ఉన్నది. మన ప్రమేయం ఉన్నచోటనే ధర్మవిచారానికి తావుంటుంది. కార్తీకంలో ఉన్నిబట్టలను బయటికి తీయడం, ఫాల్గుణంలో వాటిని మళ్ళీ మడిచి దాచడం చూడడానికి చిన్న పనులే. అయినా 'నాకు నిజంగా ఎంత కావాలి? మిగిలినది ఎవరిది?' అనే ప్రశ్న గృహస్థుకు ఏటా రెండుసార్లు తప్పక ఎదురయ్యేది ఆ పెట్టె మూత దగ్గరే.

కోస్తా తెలుగువారిని ఈ ప్రశ్న అంతగా బాధించదు. అక్కడి చలి ఒక నూలు దుప్పటితో తీరిపోతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కారఖానాలో పనికోసం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి ఖరగ్‌పూర్ చేరి, తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల సంగతి వేరు. అక్కడి శీతకాలం ఢిల్లీ శీతకాలమంత కఠినం కాదు. కాని డిసెంబరు, జనవరి రాత్రులలో నూలు చాలదు. అందుచేత రైల్వే క్వార్టర్లలో మంచంకింద ట్రంకుపెట్టె చేరినది. దానితోపాటు కొత్త అలవాట్లూ చేరినవి. వానలు వెనకపట్టు పట్టే భాద్రమాసపు ఎండలో పట్టుబట్టలు, బొంతలు, పుస్తకాలు ఆరవేయడం బెంగాలీ గృహిణుల ఆచారం. చలి రాబోయే ముందు ధునురీ భుజాన ధనుస్సువంటి పనిముట్టు వేసుకొని వీధులలో తిరుగుతాడు. హిందీలో ధునియా అన్నా అతడే, మనం దూదేకులవాడన్నా అతడే. గట్టిపడిన పాత దూదిని అతడు ఏకి విడదీస్తే అది మళ్ళీ వెచ్చనిస్తుంది. కొత్త దూది కొనడం తరువాతి మాట.

పెట్టెలోని బట్టకు శత్రువు చిమ్మట. నిజానికి ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. వెంట్రుకలలోను, ఉన్నిలోను ఉండే కెరటిన్ అనే మాంసకృత్తును అది జీర్ణించుకోగలదు. చీకటి, కదలిక లేని చోటు దానికి ఇష్టం. ఉతకకుండా దాచిన, చెమట అంటిన బట్ట మరింత ఇష్టం. నాఫ్తలీన్ ఉండలు ద్రవం కాకుండానే ఆవిరిగా మారుతాయి; మూత బిగువుగా ఉన్న పెట్టెలోనే ఆ ఆవిరి పనిచేస్తుంది. వాటికన్న ముందు కావలసినవి ఉతకడం, ఎండ, దులపడం. అంటే దాచడమన్నది తాళం వేయడం కాదు, మళ్ళీ మళ్ళీ చేతితో తాకడం. తాళం వేసి మరచినదానిని మనం దాచలేదు, పురుగుకు వదిలివేసినాము.

లోభమూ జాగ్రత్తా మూసిన పెట్టెలో ఒకేలా కనిపిస్తాయి. పెట్టె తెరిచినప్పుడే వాటి తేడా తెలుస్తుంది. అపరిగ్రహాన్ని యోగసూత్రాలు యమాలలో ఒకటిగా చెప్పినవి. జైనులకు అది మహావ్రతం. కాని ఏమీ దాచుకోని గృహస్థు పుష్యమాసంలో పిల్లలతో సహా పరుల గుమ్మంలో నిలబడవలసి వస్తుంది. అందుచేత గృహస్థుకు అపరిగ్రహమంటే ఏమీ లేకపోవడం కాదు. ఉన్నదేదో ఎరిగి ఉండడం. పిల్లవాడి పొడుగుకు చాలని స్వెటరు, రెండు చలికాలాలు ఎవరూ తొడగని కోటు — వీటిని ఎరిగి కూడా మూత వేస్తే జాగ్రత్త అక్కడ ముగిసి లోభం మొదలైనట్టే.

మరి ఇచ్చివేస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నమీదనే 1921లో ఇద్దరు మహానుభావులు వాదించుకున్నారు. ఆ ఏడు జూలై 31న బొంబాయిలో విదేశీ వస్త్రాల రాశికి గాంధీజీ నిప్పంటించినారు. ఆ బట్టలు కాల్చేవారివి కావని, ఒంటిమీద గుడ్డ లేనివారివని రవీంద్రనాథ్ ఠాకూర్ అభ్యంతరం చెప్పినారు. గాంధీజీ సమాధానం కఠినమైనది: పేదకు కావలసినది పని, పని ఇవ్వకుండా మనం విడిచిన బట్ట ఇవ్వడం అతనిని అవమానించడమే. ఆ వాదం నడుస్తున్న రోజులలోనే, సెప్టెంబరు 22న మదురైలో, ఆయన తన దుస్తులను మోకాలు దాటని అంగవస్త్రానికి కుదించుకున్నారు. ఇతరులకు చెప్పిన మాటను ముందు తన ఒంటిమీదనే అమలుపరచినారు.

ప్రేమ్‌చంద్ 'పూస్ కీ రాత్' కథ చదివినవారికి గాంధీజీ మాటలోని బలం తెలుస్తుంది. హల్కూ కంబళికోసం కూడబెట్టుకున్న మూడు రూపాయలు అప్పులవాడి చేతికి పోతాయి. అతడు చలిలో కుక్కను పొదివి పట్టుకొని పొలం కాపలా కాస్తాడు. అతనికి లేనిది మన పాత కంబళి కాదు, తన మూడు రూపాయలు తన దగ్గర ఉంచుకొనే హక్కు. ఆ హక్కుకు ఏ దానమూ బదులు కాదు.

అయితే చలి న్యాయంకోసం వేచి ఉండదు. ఖరగ్‌పూర్ స్టేషనులోని 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు లోకంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించినవి. పొడవు సంగతి ఎలా ఉన్నా, అటువంటి చోట జనవరి రాత్రి గోనె కప్పుకొని ముడుచుకున్నవానికి తెల్లవారేలోగా కావలసినది వెచ్చదనం. అక్కడ ఠాకూర్ మాట సత్యం. న్యాయం జీవితకాలపు పని. కంబళి ఈ రాత్రి పని. ఒకదానిని చూపి రెండవదానినుంచి తప్పించుకోవడమే అధర్మం.

కనుక ఇవ్వవలసినదే, కాని ఎప్పుడు, ఏ స్థితిలో ఇచ్చామన్నది ముఖ్యం. సంక్రాంతినాటి కంబళిదానం పుణ్యమే. అయితే అప్పటికి చలి సగం గడిచిపోయి ఉంటుంది. ఆ దానం ఇచ్చేవాని పంచాంగాన్ని అనుసరించినది, పుచ్చుకొనేవాని వణుకును కాదు. ఉతకని బట్టను మూటకట్టి ఇవ్వడమంటే పురుగుకు వేయవలసిన భాగాన్ని మనిషికి వేయడం. ఉతికి, ఎండలో ఆరవేసి, ఊడిన గుండీ కుట్టి, మన బిడ్డకు తొడిగే తీరున సిద్ధం చేసినదే ఇచ్చినట్టు లెక్క. తక్కినది పెట్టె ఖాళీ చేసుకోవడం మాత్రమే.

ఫాల్గుణంలో బట్టలు మడిచేటప్పుడు ఆ చలికాలమంతా ఒంటికి తగలనివి ఏవో చేతికి ఇట్టే తెలుస్తుంది. వాటిని శుభ్రం చేసి విడిగా ఉంచాలి. కార్తీకంలో పెట్టె తెరిచినప్పుడు మొదట గడప దాటవలసినవి అవే. మనం తొడుక్కొనేవి ఆ తరువాత.